ఆకివీడు దాకా మూడు సీసాలు

ఈ ప్రయాణం మొత్తం మూడు రోజులు. ఏలూరులో మొదలై ఏలూరులోనే ముగిసింది. మధ్యలో తగిలిన ఊళ్ళు మా జిల్లావాళ్ళకు కొత్తవేమీ కావు. అయినా రాయాలనుకున్నాను. మా చుట్టాలు దీన్ని పోలియో చుక్కల కథగా చెప్పుకుంటారు. పెళ్ళి భోజనాల దగ్గర నన్ను కూర్చోబెట్టి మళ్ళీ చెప్పమంటారు. నేనూ చెప్పి నవ్విస్తాను. ఆ నవ్వు దగ్గరే ఆపేస్తాను. తరవాతి సగం ఇంతవరకూ వాళ్ళకు చెప్పలేదు. నోటితో చెప్పేటప్పుడు కావాలన్న చోట ఆపుకోవచ్చు. కాగితం మీద సగంలో ఆపితే చదివేవాడు ఊరుకోడు. అందుకే కాగితం.

నేను ఏలూరులో తివాచీలకు ఉన్ని దారం రంగు వేసే మనిషిని. పేరు రత్నం. పదో తరగతి తప్పాక బడి వదిలేశాను కానీ చదువు వదల్లేదు. ముప్పై ఏళ్ళుగా సాయంత్రం పని దిగగానే గ్రంథాలయానికి పోయి, తలుపులు మూసేదాకా కూర్చుంటాను. రంగుల మీద ఉన్న పుస్తకాలన్నీ అయిపోయాక వెలుగు మీద ఉన్నవి పట్టుకున్నాను. పత్రికల్లో లేజర్ గురించి ఏది వచ్చినా నోటుబుక్కులో రాసుకుంటాను. అలాంటివి ఇప్పటికి పద్దెనిమిది అయ్యాయి.

మా చెల్లెలి కూతురు ప్రసన్న తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తుండేది. తన పని ఇది. ఒక పదార్థాన్ని వెంట్రుక మందంలో ఇరవై వేలో వంతు రేణువులుగా నీళ్ళలో తయారుచేస్తారు. రేణువు చిన్నదైతే ఆకుపచ్చగా, కాస్త పెరిగితే నారింజగా, ఇంకా పెరిగితే ఎర్రగా మెరుస్తుంది. పదార్థం ఒక్కటే, రంగు మాత్రం సైజును బట్టి వస్తుంది. ఆ రేణువుల మీదికి లేజర్ మెరుపు ఒకటి వదిలితే లోపలి ఎలక్ట్రాన్లు ఉలిక్కిపడి లేస్తాయి. అవి మళ్ళీ ఎంతసేపటికి సర్దుకుంటాయో చూడడానికి వెనకాలే రెండో మెరుపును పంపుతారు. ఆ సేపు మన గడియారాలకు అందదు. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, ఆ ముక్కల్లో కొన్ని. అంత తక్కువ ఎడం పెట్టడానికి చేసే పని మాత్రం తేలిక. రెండో మెరుపు వచ్చే దారిలో ఒక అద్దాన్ని వెంట్రుకంత వెనక్కి జరుపుతారు. వెలుగు ఆ కాస్త దూరం ఎక్కువ నడిచి, ఆ కాస్త ఆలస్యంగా వస్తుంది.

ఆ లేజర్ మీద ప్రసన్నకు మూడు రోజులు ఇచ్చారు. మళ్ళీ అవకాశం ఏడాదికి గాని రాదు, ఏడాది ఆగితే పీహెచ్‌డీ గడువు దాటిపోతుంది. తను పట్టుకెళ్ళిన సీసాలు మే నెల ఎండకి రైలు పెట్టెలోనే ఉడికి, అడుగున మడ్డి దిగిపోయాయి. కాలేజీలో మళ్ళీ తయారుచేయించి చివరి రోజు పొద్దుటికల్లా హైదరాబాదు చేర్చాలి. కొరియరు వాళ్ళు ద్రవాలైతే తీసుకోబోమన్నారు. ప్రసన్న పాత స్టూడెంట్ తండ్రి సుబ్బరాజు గారికి ఆకివీడులో చేపల వ్యాపారం. ఆయన ఐసు వ్యాను రోజూ హైదరాబాదు పోతుంది. మళ్ళీ రైల్లో పంపడానికి భయపడి ఆ వ్యానే నయమనుకుంది. అక్కడి దాకా చేర్చే మనిషి కావాలి.

"మావయ్యా, మీరైతే అందులో ఏముందో తెలిసి పట్టుకెళ్తారు" అంది ఫోనులో.

ఆ మాటకు నాకు కలిగిన గర్వం ఒక పూట కూడా నిలవలేదు. దాని స్థానంలో భయం వచ్చి కూర్చుంది.

తాడేపల్లిగూడెం

పొద్దున పాసింజరెక్కాను. ఎదురు సీటులో ఉల్లిపాయల కమీషన్ వ్యాపారి ఒకాయన కూర్చున్నారు. గూడెం స్టేషను వస్తోందనగా నాకు ఉల్లి ఘాటు తగిలి ముక్కు ఎగబీల్చాను. ఆయన నవ్వారు.

"వాసనొస్తందాండీ? అదృష్టవంతులు. నాకు ఇరవయ్యేళ్ళ నుంచీ ఏ వాసనా రాదు. మా ఆవిడ కూర మాడ్చినా బాగుందనే తింటాను."

స్టేషను బయట పెసరట్టు ఉప్మా పది రూపాయలు. మా ఏలూరులో అల్లం పచ్చడి ఆకు చివర పెడతారు. ఇక్కడ అట్టు మీదే పూసేస్తున్నారు. తినడం మొదలుపెట్టాక అలా పూసిందే బాగుందనిపించింది.

కాలేజీ ల్యాబులో సూర్యనారాయణ గారు నా కోసం కాసుకుని ఉన్నారు. ల్యాబ్ అసిస్టెంటు, నా ఈడువాడే. రెండు రోజులుగా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. ఆయన గుండ్రటి గాజు ఫ్లాస్కు కింద మంట పెట్టి, ఒక్కో రంగు వచ్చినప్పుడల్లా కాస్త తీసి పక్కన పెట్టారట. అరగంటకు ఆకుపచ్చ, మూడు గంటలకు నారింజ, తొమ్మిది గంటలు మరిగాక ఎరుపు.

"మాకూ అంతేనండీ. రంగు కాగులో ఎంతసేపు ఉంచితే దారం అంత ముదురు" అన్నాను.

"మీకు నేను వేరే చెప్పక్కర్లేదండీ అయితే" అని కిటికీలు మూసి, ఊదారంగు దీపం వెలిగించి మూడు సీసాలూ దాని ముందు పెట్టారు.

ఆ ఎరుపును ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. లక్క ఎరుపు, మంజిష్ఠ ఎరుపు, విదేశీ పొడి ఎరుపు అన్నీ ఈ చేతులతో వేశాను. అవన్నీ వెలుతురు పడితే కనిపించే ఎరుపులు. ఇది లోపలి నుంచి వస్తోంది. వంగి, కళ్ళు సీసా దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. అదే క్షణంలో, ఇది నా చేతిలో పాడైతే ఎలా అనే ఆలోచనా వచ్చింది. అది మళ్ళీ పోలేదు.

ఆయన జాగ్రత్తలు చెప్పారు. వెలుతురు తగలకూడదు, కాబట్టి మూత తీసి చూడకూడదు. చల్లగా ఉండాలి. ఇందులో క్యాడ్మియం ఉంది, అది విషం, చేతికంటితే వెంటనే కడుక్కోవాలి. పరీక్షల డ్యూటీ పడి తను రాలేకపోతున్నానని నాలుగుసార్లు బాధపడ్డారు.

పోలియో పెట్టె

సీసాలు ఒక్కోటీ నా చిటికెన వేలంత. ఫోటో స్టూడియోలో దొరికే నల్లటి ఫిలిం డబ్బాల్లో పెడితే సరిగ్గా పట్టాయి. ఏది ఏదో తెలియాలి కదా అని నా సంచిలో ఉన్న ఉన్ని దారం తీసి ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి నారింజ, ఒకదానికి ఎరుపు కట్టాను. లోపల నీళ్ళున్నట్టు తెలుసుకునే దారి ఒక్కటే, చెవి దగ్గర పెట్టుకుని ఊపడం. కళ్ళతో బతికే మనిషిని, రెండు రోజులు చెవితో బతకాల్సి వచ్చింది.

సూర్యనారాయణ గారి భార్య విజయ గారు నర్సు. మూత పగిలిందని ఆసుపత్రిలో పక్కన పడేసిన పోలియో మందు పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చారు. భుజానికి తగిలించుకునే నీలం పెట్టె, అందరికీ తెలిసిందే. ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాను. ఫ్రిజ్‌లో ఐసు పలకలు పెట్టారు గానీ, కరెంటు నాలుగుసార్లు పోయింది. పొద్దున చూస్తే పలకలు పైన గట్టిగా, లోపల నీళ్ళుగా ఉన్నాయి.

"చాల్తాయిలెండన్నయ్యా. మధ్యాన్నానికి ఆకివీడులో ఉంటారు" అన్నారు విజయ గారు. దారికని నిమ్మకాయ పులిహోర పొట్లం కట్టి ఇచ్చారు.

గణపవరం దారిలో

బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకున్నాను. కండక్టరు చూసి, "ఏంటండీ అది?" అన్నాడు. విషమంటే దించేస్తాడు. పెట్టె రంగు చూసి నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. "పోలియో మందండి."

వెనక సీటులో పసిపిల్లాణ్ణి ఎత్తుకున్న ఒకావిడ వెంటనే లేచి వచ్చింది.

"బాబుగారూ, మా వాడికి పోయిన ఆదివారం చుక్కలు తప్పిపోయాయండి. ఇక్కడే రెండు చుక్కలేసెయ్యండి, పుణ్యముంటది."

పెట్టెను ఇంకా దగ్గరికి లాక్కున్నాను. "ఇక్కడ వెయ్యకూడదమ్మా" అన్నాను.

"ఎక్కడైతే ఏంటండీ? నోరు తెరుస్తాడు, వేసెయ్యండి." పిల్లాడు నిజంగానే నోరు తెరిచాడు.

పక్కనున్న ముసలాయన అందుకున్నాడు. "రెండు చుక్కలకేం పోయిందయ్యా, గవర్నమెంటు మందే కదా. మీ ఇంట్లోంచి తెచ్చారా?" నలుగురూ ఆయన మాటే పట్టుకున్నారు. ఆవిడ వంగి పెట్టె మూత మీద చెయ్యి వేసింది. ఆ పగిలిన మూత ఊడి వచ్చేస్తుందని చెయ్యి పట్టుకుని తోసేశాను. ఆడమనిషి చెయ్యి తోశానని బస్సంతా గోల.

"అది మందు కాదమ్మా, విషం" అన్నాను.

ఆవిడ పిల్లాడి నోరు అరచేత్తో మూసి వెనక్కి నడిచింది. ముసలాయన తన చేపల సంచి తీసుకుని మరీ లేచాడు. కండక్టరు విజిలు ఊది గణపవరంలో నన్ను దించేశాడు. "ఏమనుకోకండి సార్. మీరు మంచోరే అయ్యుంటారు. బస్సు మాత్రం మంచోళ్ళొక్కళ్ళదే కాదు కదండి" అన్నాడు.

మా చుట్టాలకు చెప్పే కథ ఇక్కడ అయిపోతుంది.

ఆకివీడు ఐసు

తరవాతి బస్సు రెండు గంటలాగి వచ్చింది. అప్పటికి ఐసు పలకలు ఊపితే గలగలమంటున్నాయి. పెట్టె లోపల చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. మొదటి సీసాలు ఎలా చచ్చిపోయాయో నాకు తెలుసు, వేడికి. ఆకివీడు దాకా నా బుర్రలో ఉన్నది ఆ ఒక్క మాటే. కిటికీలోంచి చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి మొక్కలు, నీళ్ళలో చక్రాలు తిరిగే మిషన్లు కనబడుతూనే ఉన్నాయి. ఏదీ తలకెక్కలేదు.

సుబ్బరాజు గారి ప్యాకింగ్ షెడ్డు ఊరి చివర చెరువుల పక్కన ఉంది. ఐసు దిమ్మలు మరలో పడి పొడిగా బయటికి వస్తున్నాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఆడవాళ్ళు ట్రేలో ఒక వరస ఐసు, ఒక వరస శీలావతి చేప పేరుస్తున్నారు. మొదటి ట్రేని ఒకటి అనరు, "లాభం" అంటారు, తరవాత రెండు, మూడు. మా దగ్గర ధాన్యం కొలిచేటప్పుడు విన్నాను గానీ, చేపకు కూడా ఉందని తెలియదు.

సుబ్బరాజు గారు పెద్దమనిషి. కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, వ్యాను రెండింటికి బయల్దేరుతుందన్నారు. ప్యాకింగులో అందరికంటే పాతకాపు సత్యవతి గారిని పిలిచి, "ఈయన పెట్టె మన చేపల కంటే జాగర్తగా చూడండి" అన్నారు.

ఆవిడకు యాభై ఉంటాయి. పలకలు తీసేసి, పెట్టెలో ఐసు పొడి పోసి, ఆకుపచ్చ, నారింజ దారాల డబ్బాలు అందులో కప్పెట్టారు. "ఏటి బాబుగారూ ఇందులో?" అని అడిగితే నేను చెప్పగలిగినంత చెప్పాను. ఒక మెరుపు లేపుతుందని, రెండో మెరుపు చూస్తుందని.

"లేచింది ఎంతసేపు ఉంటదండి?"

"సెకనులో లక్ష కోట్లో వంతు లెక్కండి. కొన్ని వంతులు."

"అంత మాత్రానికి లేవడమెందుకండి, పడుకునే ఉండొచ్చు కదా" అని ఆవిడ నవ్వితే చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. రెండు రోజుల్లో నేనూ మొదటిసారి నవ్వాను.

ఆ నవ్వులోనే నా తెలివి పైకి లేచింది. ఐసులో ఉప్పు కలిపితే చలి ఇంకా పెరుగుతుందని చదివాను. వేడికి రేణువులు కదిలి ఒకదాన్నొకటి అంటుకుంటాయని, చల్లబడేకొద్దీ కదలిక తగ్గుతుందని కూడా చదివాను. ఈ రెంటినీ కలిపాను. "కాస్త ఉప్పు వెయ్యండి" అన్నాను.

"ఉప్పొద్దండి. ఉప్పేస్తే చేప రాయైపోద్ది. కరిగాక కండ విడిపోద్ది."

"ఇది చేప కాదు కదమ్మా."

"ఏదైనా నీళ్ళే కదండి లోపల. వద్దండి."

నేను నోటుబుక్కు తీశాను. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడకు చదవడం రాదని తెలిసీ, పేజీ తిప్పి చూపించాను. ఆవిడ ఆ పేజీ వంక చూసి, నా వంక చూసి, పాలిథిన్ కవరు ఒకటి పరిచి, దాని పైన ఎర్రదారం డబ్బా పెట్టి ఐసు పోశారు. రెండు గుప్పెళ్ళ ఉప్పు చల్లి మూత బిగించారు. అప్పుడు ఒంటిగంట.

దొంగనోట్ల దీపం

వ్యాను రెండింటికి కదల్లేదు. చెరువులో వల అడుగున ఏదో మొద్దుకు తగిలి చిరిగింది. మళ్ళీ లాగాలన్నారు. మూడైంది, నాలుగైంది. డ్రైవరు బాషా గారు వ్యాను నీడలో పడుకుని, నేను గంటకోసారి వెళ్ళి అడిగితే కళ్ళు తెరవకుండానే, "చేప రానిదే నేను పోనండి, నేను పోనిదే మీరు పోరు. పడుకోండి" అనేవారు. గూడబాతులు రెండు చెరువు మీద తిరిగి తిరిగి గట్టు మీద వాలాయి. నాకు ఎక్కడా కూర్చోబుద్ధి కాలేదు.

అయిదింటికి వ్యాను ఎక్కించే ముందు ఐసు మార్చాలని మూత తీశాం. పైనున్న ఎర్రదారం డబ్బా తెల్లగా నూగు పట్టి ఐసుకు అతుక్కుపోయింది. లాగి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.

చప్పుడు లేదు.

మళ్ళీ ఊపాను. లేదు. పక్కనున్న ట్రే మీద కూర్చుండిపోయాను. సత్యవతి గారు కింద కవరు ఎత్తి మిగిలిన రెండు డబ్బాలు తీసి ఊపారు. రెండింట్లోనూ నీళ్ళు కదిలాయి.

"మీరు మరీ పట్టుబట్టారని పైన మటుకే వేశానండి. ఉప్పునీళ్ళు కిందికి దిగకుండా కవరేశాను" అన్నారు.

బాగున్నాయో లేదో చూడాలి. ఊదారంగు దీపం ఎక్కడ దొరుకుతుంది? సుబ్బరాజు గారి బల్ల మీద దొంగనోట్లు చూసే చిన్న దీపం ఉంది. ఆయన గది తలుపులు మూసి దాన్ని వెలిగించారు. ఆకుపచ్చ వెలిగింది. నారింజ వెలిగింది. ఎర్రదారం డబ్బాలోని సీసాను నా అరచేతి వేడికి కరిగాక పెట్టాం. అడుగున ఇటుక పొడి లాంటి మడ్డి, పైన వట్టి నీళ్ళు. దీపం దానిమీద పడి ఊరుకుంది. ఆ గదిలో అయిదుగురం నిలబడ్డాం. తొమ్మిది గంటలు మంట దగ్గర కూర్చున్న సూర్యనారాయణ గారి కళ్ళు గుర్తొచ్చాయి.

"అమ్మాయికి ఫోన్ చేసి చెప్పండి" అన్నారు సుబ్బరాజు గారు.

బయటికి వెళ్ళి ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. లోపలికి వచ్చి, సిగ్నలు లేదని చెప్పాను. ఫోనులో రెండు గీతలున్నాయి.

మూడు సీసాలూ ఉత్త ఐసులో సర్దించి, ఆరింటికి వ్యాను పంపేశాం. ఎర్రది కూడా పెట్టించాను. తనే చూసుకుంటుంది, నేను చెప్పక్కర్లేదు అనుకున్నాను. ఆ రాత్రి షెడ్డులో నాకు చేపల పులుసు పెట్టారు. కొరమీను ముక్క, చిక్కటి పులుసు. అలాంటిది మళ్ళీ తినలేదు, ఆ రాత్రి తిన్నదీ సగమే.

కొల్లేటి మీద

మూడో రోజు పొద్దున ఆటోలో కొల్లేటికోట వెళ్ళి, అక్కడి నుంచి పడవలో గుడివాకలంక దాటితే ఏలూరు దగ్గరని చెప్పారు. బస్సులో చుట్టు తిరిగిపోవచ్చు. కానీ నాకు మనుషుల్లో కూర్చునే ధైర్యం లేదు. ఈత రాని నేను నీళ్ళనే ఎంచుకున్నాను.

మే నెల కాబట్టి సరస్సు కుంచించుకుపోయి కాలువ దారి మాత్రమే మిగిలింది. రెండు పక్కలా గుర్రపుడెక్క, తెగిపోయిన పాత చెరువు గట్లు. పడవ నడిపే ఏసోబు గారు గడతో తోస్తుంటే పడవ అంచు నీటికి జానెడు ఎత్తులో ఉంది.

"కదలకండి బాబుగారూ. మీరు వణికితే పడవ వణుకుతుంది."

"లోతెంతండీ?"

"నడుం దాకా. నీళ్ళు నడుం దాకా, దాని కింద బురద నడుం దాకా. రెండూ కలిపితే మీరు కనపడరు." నన్ను నవ్వించాలని అన్నారు.

నడి కాలువలో ఫోను మోగింది. ప్రసన్న. మీట నొక్కేలోపే కట్టయింది. గీతలు ఒక్కటీ లేవు. ఈసారి నిజంగానే సిగ్నలు లేదు. అవతలి ఒడ్డుకు చేరడానికి ఇంకా గంట పట్టింది. పడవ మునుగుతుందన్న భయం ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. ఇంకో భయం దాన్ని మింగేసింది.

గుడివాకలంక, రూపాయి ఫోను

ఒడ్డున కిళ్ళీ కొట్టుకి వేలాడే పసుపు ఫోను ఉంది. కొట్టతని దగ్గర అయిదు రూపాయి బిళ్ళలు మార్చుకుని, ఒకటి వేశాను.

"మావయ్యా, ఆకుపచ్చ, నారింజ చాలా బాగున్నాయి. పొద్దుటి నుంచీ కొలుస్తున్నాం. ఎరుపు పోయింది. ముద్దలు కట్టి, వెలుగంతా చెదరగొట్టేస్తోంది, ఏమీ కనపడనివ్వట్లేదు. బాషా గారు చెప్పారు, అక్కడ ఐసు పెట్టినావిడ ఉప్పు కలిపేసిందంట. చేపలకి అలవాటేమో పాపం."

నేను అవునమ్మా అంటే అయిపోయేది. ఆవిడ ఎవరో ప్రసన్నకు తెలియదు, ప్రసన్న ఎవరో ఆవిడకు తెలియదు. రూపాయి అయిపోతున్నట్టు కూత వినపడింది. ఇంకోటి వేశాను.

"ఆవిడ కాదమ్మా. నేనే వెయ్యమన్నాను. ఆవిడ వద్దంది, రెండుసార్లు."

"మీరా? ఎందుకు?"

"ఎంత చల్లగుంటే అంత మంచిదనుకున్నాను. చదివాను."

"గడ్డకట్టకూడదని నేనూ చెప్పలేదులెండి మావయ్యా. మే నెల్లో గూడెంలో గడ్డకట్టేదేముంటుంది అనుకున్నాను" అంది.

నాకు ఊపిరి వచ్చింది. ఇంతేనా, దీనికా నేను ఇంత భయపడ్డది అనుకున్నాను. మూడో రూపాయి వేశాను.

"మీకెప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం. అయిదింటికి."

కొట్టతను నాలుగో బిళ్ళ వెయ్యమని చేత్తో చూపించాడు. వేశాను.

"నిన్నే చెప్పాల్సింది మావయ్యా. సూర్యనారాయణ గారి ఫ్లాస్కులో అదే ఎరుపు ఇంకా మిగిలే ఉంది. సాయంత్రం తెలిస్తే ఎండ లేని రాత్రి రైల్లోనైనా ఎవరో ఒకరి చేత పంపించేవారు. పొద్దున నా చేతిలో ఉండేది."

"ఇప్పుడు..."

"ఇప్పుడు లేదండి. సాయంత్రం ఆరింటికి లేజర్ ఇంకొకళ్ళకి ఇచ్చెయ్యాలి. ఉంటాను, అద్దం జరపాలి."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. అయిదో రూపాయి నా చేతిలో మిగిలిపోయింది. కొట్టతను నా ముఖం చూసి, "నిమ్మకాయ సోడా తాగండి, డబ్బులొద్దులెండి" అన్నాడు. తాగాను. ఆ సాయంత్రం ఏలూరు చేరాను.

ప్రసన్న తన గ్రంథాన్ని గడువులోనే ఇచ్చింది, రెండు రంగులతో. రేణువు పెద్దదయ్యేకొద్దీ లోపల ఆ చలనం ఎలా మారుతుందో చెప్పడానికి మూడు చుక్కలుంటే గీత గీయొచ్చు, రెండింటితో ఊహ మాత్రమే చెప్పగలమని అందులో రాసింది. మూడోది ఏమైందని పరీక్షకులు అడిగితే దారిలో గడ్డకట్టిందని చెప్పిందట. ఎవరి చేతిలో అన్నది చెప్పలేదట.

కృతజ్ఞతలు

రెండు రాత్రులు నిద్ర లేకుండా మూడు రంగులు మరిగించి, ఒకటి పోయిందని తెలిసిన రోజు కూడా నన్ను భోజనానికి రమ్మన్న సూర్యనారాయణ గారికి. పెట్టె, పులిహోర, అన్నయ్యా అన్న పిలుపు ఇచ్చిన విజయ గారికి. తన గదీ దీపమూ ఇచ్చిన సుబ్బరాజు గారికి. ఉప్పు సంగతి నేనే ఫోన్ చేసి చెప్పేదాకా, ఆయన తన షెడ్డు మనుషులదే తప్పనుకుని వాళ్ళను కోప్పడ్డారు. రాత్రంతా నడిపి చెప్పిన వేళకు చేర్చిన బాషా గారికి. నా వణుకును భరించిన ఏసోబు గారికి. పేరు అడగడం మరిచిపోయిన సోడా కొట్టతనికి, గణపవరం బస్సులో నేను చెయ్యి తోసిన తల్లికి. ఒక్క కోపపు మాట కూడా అనని ప్రసన్నకు.

సత్యవతి గారికి. ఉప్పు వద్దని ఆవిడ రెండుసార్లు చెప్పారు. మూడోసారి చెప్పకుండా కవరు పరిచారు. హైదరాబాదు చేరిన రెండు రంగులూ ఆవిడవి.